థర్మాకోల్ పెట్టెలో పిల్లి

బుధవారం, రుమైథియా, కువైట్

గోడ పక్కన పిల్లలు పెట్టిన వీధిపిల్లికి, చేపలొచ్చిన థర్మాకోల్ పెట్టెకి గుమ్మం కోసి నేను ఇల్లు చేసిచ్చి వారమైంది. నేను పనిచేసే ఇంటి యజమానురాలు మామా (ఇక్కడ మేడమ్‌ని అలాగే పిలుస్తాం) దాన్ని ఈరోజే చూశారు. చెత్తలో పడేయమంటారనుకున్నాను. ఆవిడ మాత్రం దుకాణం నుంచి చెక్క ఇల్లు తెప్పించి, తల్లినీ మూడు పిల్లలనీ అందులోకి మార్పించారు. ముచ్చటగానే ఉంది. గాజు కిటికీ, పైన రేకు కప్పు.

మధ్యాహ్నానికి తల్లి బయటికొచ్చి ఒకటే అరుపు. లోపల పిల్లలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి.

"నీకెందుకమ్మా, ఊరుకో. మామాకి కోపమొస్తాది" అన్నాడు డ్రైవర్ సత్తిబాబు.

ఉండబట్టలేక వెళ్లి ఆవిణ్ణి పిలుచుకొచ్చాను. "మామా, ఒక్కసారి ఇందులో చెయ్యి పెట్టి చూడండి."

పెట్టిన చెయ్యి వెంటనే తీసేశారు. "ఖలాస్, ఇక చాలు. నీ పెట్టెలోనే ఉంచు" అన్నారు. పిల్లలను మార్చాక నా వైపు తిరిగి, "మేడ మీద నీ గది కూడా ఇలాగే కాలుతుందా?" అని అడిగారు.

"లేదు మామా, బాగానే ఉంటుంది" అన్నాను.

అక్కడ ఏసీ ఆగిపోయి నాలుగు రోజులైంది. పిల్లి కోసం నోరు విప్పినదాన్ని, నన్ను అడిగితే ఎందుకు దాచానో తెలియడం లేదు. ఆవిడే మళ్లీ అడిగితే బాగుండును.