దరువు తగ్గిన చోట

ప్రియమైన బూరోడికి,

ఫోనులో అయితే మాటకు మాట అడ్డొస్తావు, అందుకే ఉత్తరం. కూర్చుని చదువు. నేను డీజే క్లాసులో చేరాను.

పక్షవాతం వచ్చాక నా కుడిచేతిలో డ్రమ్ము కర్ర నిలవడం లేదని తెలుసుగా. ఇక్కడ ఒక్క వేలుంటే చాలట. క్లాసు రాత్రిళ్లు జనం ఎగిరే డాన్సు క్లబ్బులోనే, మధ్యాహ్నాలు. పగటిపూట క్లబ్బు రంగు కడిగేసిన నటుడి మొహంలా ఉంటుంది, పైగా ఫినాయిలు వాసన. నటుడంటే గుర్తొచ్చింది, నాటకాల కంపెనీకి వాయించినప్పుడు రాజుగారి మీసం ఊడి నీ క్లారినెట్‌లో పడలేదూ? సరే, అది వదిలెయ్.

పాఠం చెప్పేది మనవరాలి వయసు పిల్ల. ఒక పాట మోగుతుండగానే రెండోదాన్ని చెవిలో విని, రెంటి నడకా ఒకటి చేసి, జనానికి తెలియకుండా దీన్ని దించి దాన్ని ఎక్కించాలి. నేను కలిపితే మెట్ల మీద ఇద్దరు తగువాడుకున్నట్టుంటుంది. ఆ పిల్ల నవ్వాపుకుని మళ్లీ చేద్దామంటుంది.

చివరి రోజు ఒక్కొక్కరం జనం ముందు వాయించాలి. నాకు నీ పాటే కావాలి. ఒక్కటి ఊది, ఫోనులో పట్టి పంపరా. మనిద్దరం ఇంకోసారి కలిసి వాయించినట్టుంటుంది.

నీ
దరువుగాడు

---

దరువుగాడికి,

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. మన పెళ్లి బ్యాండు పొట్ట కొట్టిన డీజే పెట్టె ముందే వెళ్లి కూర్చున్నావా? పెళ్లిళ్లకు మనల్ని పిలవడం మానేసింది ఎవరి వల్ల? నా క్లారినెట్ బయటికి రాదు. నీ కోసం అసలే రాదు.

చెయ్యి జాగ్రత్త.

బూరోడు

---

ప్రియమైన కోపిష్ఠివాడికి,

నువ్వు పంపకపోతే నాకు పాటే లేదనుకున్నావా? బీరువా అడుగున మన పాత ఊరేగింపు క్యాసెట్ దొరికింది. క్లాసుకు పట్టుకెళ్లి యంత్రం దరువు మీద కూర్చోబెట్టబోయాను. కూర్చోదే. కాస్త దూరం నడిచి వెనకబడుతుంది. తప్పు నీదేనని నీ మీద చాడీ కూడా చెప్పాను. ఆ పిల్ల తెర మీద గీతలు చూసి, "క్లారినెట్ కాదు తాతగారూ, తగ్గుతున్నది డ్రమ్ము" అంది.

పరువు పోయింది. మళ్లీ మళ్లీ విన్నాం. నువ్వు ఊపిరి తీసుకునే ప్రతిచోటా నా చెయ్యి నెమ్మదిస్తోంది. నువ్వు అందుకోగానే పుంజుకుంటోంది. ఎవరు చెప్పారురా నా చేతికి? నాకైతే తెలీదు. యంత్రం మాత్రం ఎవరి కోసమూ ఆగదు. నీ ఊపిరి దగ్గర దాన్ని ఆపడం నాకింకా రాదు.

కోపం ఇంట్లో పెట్టి చివరి రోజుకు రారా. ముందు కుర్చీ నీదే. నువ్వు వినకపోతే నేను వాయించి ఏం లాభం?

నీ
దరువుగాడు

---

ప్రియమైన దరువుగాడికి,

ఈసారి కొట్టెయ్యలేదు.

నాకు తెలుసురా, అప్పుడే తెలుసు. నా ఊపిరితిత్తులు అప్పటికే మొరాయించడం మొదలెట్టాయి. చెబితే బ్యాండు మాస్టరు ఇంకొకణ్ణి పెట్టుకుంటాడని దాచాను. నువ్వు ఆగుతున్నావని కనిపెట్టి, ఇంకాస్త నింపాదిగా పీల్చుకునేవాణ్ణి. వేరేవాడి దరువైతే ఎప్పుడో బయటపడేవాణ్ణి.

పెట్టె మీద కోపం ఉత్తదే. నువ్వడిగిన రోజునే క్లారినెట్ తీశాను. మొదటి స్వరమే పలకలేదు. ఆ మాట రాయలేక తిట్టాను. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు, ముక్కులో గొట్టం. ఈ ఉత్తరం నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నేను ఆగినప్పుడల్లా కలం ఎత్తి పట్టుకుని ఆగుతోంది, నీలాగే.

రాలేనురా. నువ్వు ఆ క్యాసెట్టే వాయించు. నేను ఊపిరి తీసుకునే చోట యంత్రాన్ని మోగనివ్వకు. ఎలాగో ఆ పిల్లనడిగి నేర్చుకో. ఎగిరేవాళ్లు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఒక్క క్షణం ఆగిపోతారు.

ఆగనీ.

నీ
బూరోడు