బండి దగ్గర ఉన్నారని చెప్పాను

వదినా,

ఫోన్ చేస్తే నీ పక్కనే అత్తమ్మ ఉంటుంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

లాక్‌డౌన్ తీసేశాక, బేగంపేటలో మేం ఎప్పుడూ మొక్కలు కొనే నర్సరీ తెరిచారని తెలిసి నిన్న స్కూటర్ మీద వెళ్లాను. నీళ్లు పోసేవాళ్లు లేక సగం మొక్కలు ఎండిపోయాయి. నర్సరీ తిరుమల్ నన్ను చూసి, "సారేడమ్మా? రాలేదా?" అన్నాడు. మీ తమ్ముడు కరోనాతో పోయారని చెప్పడానికి నోరు రాలేదు.

"బయట బండి దగ్గర ఉన్నరు" అనేశాను.

ఎంత సంబరపడ్డాడో! "సార్ అడిగిన సంపెంగను బతికించిన. కరోనాల మా ఇంటామె పోయింది. గా దినాల్ల సుత దీనికి నీళ్లు పోసుడు బంద్ చెయ్యలే. నేనే సార్ చేతికిస్తా" అంటూ మొక్కను ఎత్తుకుని బయటికి నడిచాడు. నేను ఆపలేకపోయాను.

స్కూటర్ దగ్గర ఎవరూ లేరు. అటూ ఇటూ చూసి నా వైపు తిరిగాడు. నా ముఖం చూడగానే అర్థమైంది.

"గిట్లెందుకు చెప్పినవమ్మా?" అని, మొక్కను కింద పెట్టి ఏడ్చాడు.

కొడుకు డ్యూటీలో ఉన్నాడని అత్తమ్మకు ఇంకా ఎన్నాళ్లు చెబుదాం వదినా? ఆదివారం వస్తున్నాను. అప్పటిదాకా ఆమె ఏమడిగినా కొత్తగా ఏదీ కల్పించకు. నిజం నేనే చెబుతాను. నువ్వు ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చో, చాలు.

నీ మరదలు