జవాబు ఇంటికి పంపవద్దు

పన్నుల అధికారి గారికి,

నమస్కారం. రోజూ కాలేజీలో పాఠాలు అయ్యాక పుస్తకాలకు ప్రూఫులు దిద్ది సంపాదించిన డబ్బు రిటర్నులో చూపలేదని జరిమానా వేశారు. తప్పు నాదే, పన్ను కడతాను. జరిమానా మాత్రం మాఫీ చేయమని వేడుకుంటున్నాను.

కారణం రాయమన్నారు. మరిచిపోయానని రాసి, మళ్ళీ కొట్టేశాను. నా రిటర్ను మా వారే నింపుతారు. "ఈ లెక్కలు నీ బుర్రకెక్కవు గానీ, సంతకం పెట్టు" అంటారు. నేను కాలేజీలో చెప్పేది లెక్కలే. ఆయనకు తెలియని డబ్బు ఆయన చేత మీకెలా చూపించను? విడిగా ఒక గది తీసుకోవాలని, అడ్వాన్సు కోసం దాచుకున్నాను. ఇది మీకు సరిపోయే కారణమో కాదో తెలియదు.

ఒప్పుకోకపోయినా సరే, జవాబు మాత్రం కాలేజీ చిరునామాకు పంపండి. ఇంటికొచ్చే ఉత్తరాలు ఆయనే విప్పుతారు. మొన్న మీ నోటీసు వచ్చినప్పుడు, నా అదృష్టం, స్నానంలో ఉన్నారు.

ఇట్లు,
లెక్కల అధ్యాపకురాలు