లక్ష్మికి పదమూడేళ్ళు

జయ నామ సంవత్సరం, శ్రావణ శుద్ధ పంచమి

తెల్లవారినప్పటి నుంచి నొప్పులు. బడికి సెలవిచ్చాను. పిల్లలు గంతులేసుకుంటూ పోయారు... సగం మంది లక్ష్మి ఈడువాళ్ళే. గదిలోంచి నా కూతురు "నాన్నా" అని పిలుస్తోంది. అమ్మని కాదు, నన్ను. లోపలికి పోకూడదు. అరుగు మీదే కూర్చున్నాను.

షష్ఠి

ఇంకా కాలేదు. మంత్రసాని పోలమ్మ చేతులు కడుక్కుంటూ, నా మొహం చూడకుండా — "ఒళ్ళు చాలట్లేదండి బాబూ... పసి ఎముకలండి."

సప్తమి

ఆడపిల్ల. ఇద్దరూ బతికారు. నా ఉంగరం పసిదాని మణికట్టు దాటి మోచేతి దాకా పోయింది.

ద్వాదశి

లక్ష్మికి పాలు పడలేదు. నా భార్య సుబ్బమ్మ దూది వత్తితో మేకపాలు పడుతోంది. నేను వెళ్ళేసరికి లక్ష్మి గోడవైపు తిరిగి గచ్చకాయలు ఆడుకుంటోంది. పక్కన పసిది ఏడుస్తోంది. ఎత్తుకోవే అంటే — "జారిపోతుందేమో నాన్నా, భయం."

పదేళ్ళకి పెళ్ళి చేసింది నేనే. అప్పుడు కారణాలు చాలా ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

శ్రావణ బహుళ తదియ

లక్ష్మికి జ్వరం దిగడం లేదు. లాకుల దగ్గర పడవ ఎక్కించి తల్లీబిడ్డల్ని రాజమండ్రి తీసుకెళ్ళాను, దొరసాని డాక్టరు దగ్గరికి. సుబ్బమ్మ రానంది, వచ్చింది.

"తల్లి ఎక్కడ?" అంది దొరసాని. చూపించాను. లక్ష్మి నాడి చూసింది, పసిదాన్ని తూచింది. తరవాత పుస్తకాల తెలుగులో — "ఈమె పెరుగుట ఇంకను ముగియలేదు. ఉన్న బలము ఇద్దరికి చాలలేదు. మూడేండ్లు మరియొక కాన్పు వద్దు. వచ్చిన యెడల బ్రతకదు."

దశమి

జ్వరం దిగింది. పసిది గట్టిగా ఏడవను కూడా ఏడవదు.

కార్తీక శుద్ధ విదియ

వియ్యంకుడు గారు పెద్దాపురం నుంచి బండి కట్టించుకుని వచ్చారు.

"మూడో నెల వచ్చింది కదండీ మాస్టారూ, కోడల్ని పంపండి. పసిది మీ దగ్గరే ఉండనివ్వండి. తేరుకున్నాక చూద్దాం."

మూడో నెల. పసిదానికి మెడ నిలవలేదు. దొరసాని మాట చెప్పాను.

"ఆవిడెవరో చెప్పిందని కాపురం చెడగొడతారా? మా అమ్మ నన్ను పన్నెండేళ్ళకే కనలేదా?"

"మీరు ఎంతమంది పుట్టారండి?"

"ఏడుగురం."

"ఉన్నది?"

కండువా భుజం మార్చుకున్నారు.

"మూడేళ్ళు పంపనండి" అన్నాను. నా గొంతేనా అనిపించింది.

"అయితే మావాడికి వేరే పిల్లని చూసుకుంటాం." మంచినీళ్ళు కూడా ముట్టకుండా బండెక్కారు.

తదియ

నిన్న బండి వెళ్ళాక సుబ్బమ్మ అంది — "బతికుండగానే దాని బతుకు తీసేశారు కదండీ." నిజమేనేమో. మొగుడు వదిలేసిన పిల్లని ఊరు ఎలా చూస్తుందో నాకు తెలియదా... పంపితే ఏమవుతుందో కూడా తెలుసు.

మధ్యాహ్నం లక్ష్మి, ఎవరూ చెప్పకుండానే, పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. పాల దూది వత్తి పెదాల దగ్గర పెట్టింది. తాగలేదు. మళ్ళీ పెట్టింది.

"దీనికి ఇంకా పేరెందుకు పెట్టలేదు నాన్నా?"

బతికితే పెడదామని పెద్దవాళ్ళం అనుకున్నాం. ఆ మాట దానితో ఎలా అనను —