కళ్ళు తిరిగినది ఎవరికో సవరించుట గురించి

సముద్రతీర నడకదారుల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, పదవీ విరమణ చేసిన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కొండ అంచు దారి గేటు వద్ద బోర్డుపై తమ శాఖ వారు అతికించిన ఫోటో కింది వాక్యమును మార్చుట, మరియు నా భార్యను ఆ దారిలో మునుపటివలె ఒంటరిగా నడవనిచ్చుట గురించి.

1. సదరు ఫోటోలో ముందు నడుస్తున్న స్త్రీ నా భార్య. వెనుక ఆమె భుజం సంచి పట్టీని రెండు చేతులా పట్టుకొని, నోరు తెరిచి ఉన్న పురుషుడు నేను. కింద "కళ్ళు తిరిగిన భార్యకు ధైర్యం చెప్పి క్షేమంగా దింపుతున్న భర్త. తోడు లేనిదే కొండ అంచున నడవకండి" అని ముద్రించియున్నది. అందులో భార్య, భర్త అనే రెండు మాటలు నిజం. మిగతాదానికి సవరణ కోరుచున్నాను.

2. సదరు దారిని తమ శాఖ వారు "సులువు" అని వర్గీకరించియున్నారు. బోర్డు మీద కర్ర పట్టుకున్న ముసలాయన బొమ్మ, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి బొమ్మ కూడా కలవు. ఈ విషయమై నాకు ఎట్టి ఫిర్యాదూ లేదు. దారి నిజంగానే సులువైనది. అదే నా బాధ.

3. ఇసుక దిబ్బల మీద ఉదయపు నడక బృందానికి నేను నాయకుడను. మెడలో విజిల్ ఉంటుంది. వీధిలో చిన్నా పెద్దా నన్ను విజిల్ మాస్టారు అనే పిలుస్తారు. ఇసుకలో నడిస్తేనే పిక్కలు గట్టిపడతాయని చెప్పి అందరినీ దిబ్బలెక్కించి దింపుతుంటాను. నా భార్య మాత్రం మొదటి దిబ్బ దాటగానే మమ్మల్ని వదిలి ఒక్కతే కొండ అంచు దారి పట్టేది. అక్కడ రాతి అరుగుల మీద తెల్ల సముద్రపక్షులు గూళ్ళు పెడతాయి. "అది చంటిపిల్లల నడక, ఒంటికేం పడుతుంది?" అని నేను పదిమందిలో ఎగతాళి చేసేవాడిని. "మీ విజిల్‌కి పీతలు కన్నాల్లోకి పరిగెడుతున్నాయిగా, ఆ వ్యాయామం చాల్లెండి" అని ఆమె నవ్వి వెళ్ళిపోయేది. ఆ చంటిపిల్లల నడక నేను ఒక్కనాడూ నడిచి ఎరుగనన్న సంగతి బృందంలో ఎవరికీ తెలియదు.

4. ఇటీవల ఒక ఉదయం, "గుడ్లు పగిలాయండీ, పిల్లలు బయటికొచ్చాయి. ఈ ఒక్కసారి రండి, చూపిస్తాను" అని ఆమె బతిమాలగా వెళ్ళితిని. మొదటి మలుపు దాకా మాటలన్నీ నావే. గాలి ఎలా పీల్చాలో కూడా ఆమెకు చెప్పాను. రెండో మలుపులో దారి పక్కన నేల ఆగిపోయి, చాలా కింద నీళ్ళు కనిపించినవి. రెయిలింగ్ నడుమెత్తున గట్టిగానే ఉన్నది, శాఖ వారి లోపం ఏమీ లేదు. అచ్చట నాకు స్వల్ప అసౌకర్యము కలిగినది. కూర్చున్నాను. పిమ్మట చేతులు కూడా నేలకు ఆనించి, పాకే పిల్లవాడిలా ఉండిపోయాను. సరిగ్గా అప్పుడే కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన, బోర్డు మీది బొమ్మ దిగి వచ్చినట్టే వచ్చి, "కాస్త దారిస్తారా బాబూ" అని నన్ను దాటుకొని పోయెను.

నా భార్య నవ్వలేదు. నవ్వినా బాగుండేది. పక్కన గొంతుక్కూర్చుని, "అటు చూడకండి. నా సంచి చూడండి. ఈ పట్టీ పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. "ఇప్పుడు నాతో పాటు అనండి. లెఫ్ట్... రైట్..." అంది, బడిలో నేను పిల్లల చేత అడుగులు వేయించినట్టే, కాని గొంతు పెంచకుండా. నేనూ అన్నాను. అయ్యా, ఫోటోలో నా నోరు తెరిచి ఉన్నది అందుకు. నడకకు వచ్చిన వారెవరో తీసిన ఆ ఫోటోలో నేను ఆమెకు ఆజ్ఞలిస్తున్నట్టు పడింది.

5. గేటు దగ్గరకు చేరేసరికి తమ కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు. అతను నా శిష్యుడే. చిన్నప్పుడు తాడెక్కడానికి వణికితే, తరగతి అంతటి ముందు "పిరికి సన్నాసీ" అని నేను పిలిచినవాడు. "అయ్యయ్యో మాస్టారూ, ఏమైందండీ?" అన్నాడు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలుస్తూనే ఉంది. వాడి ముందు అలా కనబడ్డానే అనిపించింది. నా నోటి వెంట వచ్చిన మాట ఉన్నదున్నట్టుగా:

"ఏం లేదురా, మీ అమ్మగారికి కళ్ళు తిరిగాయి."

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. అతను గబగబా నీళ్ళ సీసా తెచ్చి, "తాగండమ్మా" అని ఆమె చేతికిచ్చాడు. ఆమె బెంచీ మీద కూర్చుని తాగింది. నా అబద్ధం నిలబడాలని తాగింది. నాకు నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నా ఒక్క గుక్క అడగలేకపోయాను.

6. తరువాత ఫోటో బోర్డుకెక్కింది. బృందంలో చప్పట్లు కొట్టారు. "ఎలా దింపారు మాస్టారూ?" అని అడిగితే, "ఆడవాళ్ళకి కాస్త ధైర్యం చెప్పాలంతే" అన్నాను. ఇదీ అన్నాను అయ్యా. రాస్తుంటే సిగ్గుతో చితికిపోతున్నాను.

తమరి ఉత్తర్వు మేరకు ఇప్పుడు ఆమెను గేటు దగ్గర ఆపుతున్నారు. "మాస్టారు తోడుంటేనేనమ్మా. మీకేమన్నా అయితే ఆయనకి నా మొహం ఎలా చూపించను?" అంటాడు మా శిష్యుడు. వాడి తప్పేం లేదు. తోడు వెళ్ళుటకు నేను గేటు దాకా పోయి, మోకాలు నొప్పి అని చెప్పి వెనుదిరిగితిని. ఒకసారి కాదు, ఆమె బయలుదేరిన ప్రతిసారీ. ఆమె గేటు పక్క బెంచీ మీద కూర్చుని, దిగివచ్చే వాళ్ళను "పిల్లలకి రెక్కలొచ్చాయా?" అని అడుగుతుంది. వాళ్ళు బోర్డు చూసి, ఆమెను చూసి, "ఎండలో కూర్చోకండమ్మా, మళ్ళీ కళ్ళు తిరుగుతాయి" అని జాలిపడి పోతారు. కొండ మీద ఏ అరుగున ఏ గూడు ఉందో తెలిసిన మనిషికి జాలి!

నిన్న బట్టలు ఆరేస్తుంటే దగ్గరకు వెళ్ళి, "కోపమా?" అని అడిగాను. "మీ మీద లేదండీ. భయపడ్డ మనిషి ఏదో ఒకటి అంటాడు. ఆ నీళ్ళెందుకు తాగానా అని నా మీదే కోపం" అంది. నాలుగు తిట్టినా పడి ఉండేవాడిని.

7. కావున తమరు దయతలచి,

(అ) ఫోటో కింద "భయపడి పాకుతున్న భర్తను లేపి క్షేమంగా దింపుతున్న భార్య" అని మార్పించవలెను. ఫోటో తీసివేయవద్దు. తీసివేస్తే నేనే తీయించానని అందరూ అనుకుంటారు, నిజానికి నా మనసులో మొదట ఉన్నది కూడా అదే.

(ఆ) నా భార్యకు వర్తింపజేసిన తోడు ఉత్తర్వును పక్షులు ఎగిరిపోకముందే రద్దుచేయవలెను.

(ఇ) ఉత్తర్వు ఎవరో ఒకరికి వర్తించి తీరాలంటే నాకు వర్తింపజేయవలెను. నన్ను ఆమె తోడు లేనిదే ఆ గేటు దాటనివ్వవద్దు.

ఈ సంగతులన్నీ చిత్తగించవలెను. నవ్వు వస్తే నవ్వుకొని అయినా సరే, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
విజిల్ మాస్టారు
(విజిల్ ప్రస్తుతం బీరువాలో ఉన్నది)

తా.క.: పంపేముందు దీన్ని మా ఆవిడకు చూపించాను. అంతా చదివి, "స్వల్ప అసౌకర్యము" అన్నచోట వేలు పెట్టి, "ఏడ్చారు కదండీ, అది రాయండి. లేకపోతే ఎవరూ నమ్మరు" అంది. ఏడ్చాను అయ్యా. అమ్మా అని గట్టిగా ఏడ్చాను. అరుగుల మీది పక్షులన్నీ ఒక్కసారి లేచి, చుట్టూ తిరిగి, మళ్ళీ వాలాయి.

అర్జీలు గేటు దగ్గరే ఇవ్వాలని తమ నిబంధన. అక్కడుండేది మా శిష్యుడు కనుక కవరు అంటించడం లేదు. తమరికంటే ముందు వాడు చదవాలి. వాడు చదివి తలెత్తేదాకా ఎదురుగా నిలబడతాను, ఎలా చూసినా సరే. మా ఆవిడ అప్పుడే బూట్లు వేసుకుని, సంచి తగిలించుకుని గుమ్మంలో ఉంది. "ఇంకా ఏం రాస్తున్నారండీ, రెక్కలొచ్చేశాయట, రండి" అంటోంది.