వెన్నరంగు కాగితానికి కవరు

1944 నవంబర్ 2, గురువారం

ఈ ఇంట్లో తెలుగు అక్షరం చదివేది నేనొక్కదాన్నే. మా ఆయన గోవిందరాజప్పకు అరవమూ ఇంగ్లీషూ వస్తాయి. ఆడబిడ్డ జానకి బడిలో నేర్చుకునింది అరవం. మా నాయన నాకు నేర్పించింది తెలుగు ఒకటే. అందుకే ఈ నోట్‌బుక్కును బియ్యం డబ్బా మీద పెట్టినా నాకు భయం లేదు.

మా ఆయన ఏర్కాడు బంగళా వేలంలో ఒక అట్టపెట్టె కొనుక్కొచ్చినాడు. మాది కాగితాలూ కలాలూ అమ్మే అంగడి కదా, కాగితం కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. తెరిచి చూస్తే లెటర్ పేపర్. అబ్బ, ఏం కాగితం! వెన్న రంగు. వెలుతురుకు పట్టుకుంటే లోపల కిరీటం గుర్తు వాటర్‌మార్క్. ఈ పాడు యుద్ధం మొదలైనప్పటినుంచి గడ్డి రంగు కాగితాలే చూసి చూసి ఉండాను, కండ్లు చల్లబడినాయి. కవర్లు మాత్రం బంక రుచికి బొద్దింకలు తినేసినాయి. ఒకటి సగం మిగిలింది.

జానకి ఒక కాగితాన్ని నిమరతా చాలాసేపు కూచునింది. తరువాత, నాకు రెండు ఇస్తావా వదినా, ఆయనకు జాబు రాయాల అనింది.

వెంటనే రెండు తీసి ఇచ్చినాను. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి ఆ పిల్లకు అయిదేండ్లు. జడ వేసింది నేను, జ్వరమొస్తే రాత్రంతా కూచునింది నేను. బిడ్డ చచ్చి పుట్టినాక, ఆషాఢంలో ఇక్కడికి వచ్చేసింది. నాలుగు నెలలైంది. మొగుడు లక్ష్మణకు తీర్థమలైలో పూజసామాన్ల అంగడి. బిడ్డ పోయిన పొద్దు ఈమెతో ఒక్క మాట కూడా చెప్పకుండా పోయి అంగట్లో కూచున్నాడంట. దీపావళికి కూడా ఒక లైను రాయలేదు. వాడు ముందు రాయాలని ఈమె, ఈమె రాయాలని వాడు. ఇప్పుడు ఈమే దిగింది. ఈ కాగితం పుణ్యమా అని కాపురం నిలబడితే చాలు దేవుడా.

నవంబర్ 3

పోస్టాఫీసు కవర్లో పెట్టి చూసినాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు నలపాల్సి వచ్చింది. పట్టుచీర తీసి గోనెసంచిలో కుక్కినట్టు ఉండాది. ఈ కాగితానికి కవరు ఈ కాగితంతోనే చెయ్యాల.

మిగిలిన సగం కవరును ఆవిరికి పట్టి, బంక విడదీసి, పరిచినాను. ఒక రెక్క బొద్దింకల పాలైంది కాబట్టి ఎదురు రెక్కను చూసి అట్టముక్క మీద గీసుకున్నాను. మొదటిది వంకర. రెండోదాంట్లో జాబు పట్టలేదు. మూడోది కోస్తా ఉంటే మా ఆయన వచ్చి, అంగడినంతా తినేస్తావా నాగవేణీ అన్నాడు. మీ చెల్లెలి కాపురం కోసరం అన్నాను. కత్తి సానపట్టి ఇచ్చినాడు.

ఇంకొక చిక్కు. తీర్థమలైలో టపా వచ్చి దిగేది కాఫీ హోటల్లో. ఎవరి కవరైనా సరే, ఊరంతా ఎండకు పట్టి చూసినాకనే ఇంటికి చేరుతుందంట. కిరీటం కనిపించే కాగితంలో అక్షరాలు కనిపించవా? బంగళా కవరు లోపల నీలం రంగు పల్చ కాగితం అతికించి ఉండాది. అట్లాంటిది మా ధర్మపురిలో ఎక్కడ తెచ్చేది? గాలిపటం కాగితం కూడా లేదు.

నవంబర్ 5, ఆదివారం

ఫొటో స్టూడియో అన్నామలై దగ్గర దొరికింది. ఫొటో ప్లేట్లు చుట్టి వచ్చే నల్ల కాగితం. దాంట్లోకి సూర్యుడే దూరలేడంట, ఇంక ఆ హోటలు జనం కండ్లు ఏం దూరతాయి? లోపల ఉండేది కదా, నలుపైతే ఏం అనుకున్నాను.

గంజి చిక్కగా కాచి, బొద్దింక ముట్టకుండా చిటికెడు మైలతుత్తం కలిపినాను. నల్ల కాగితాన్ని నూలుపోగంత తగ్గించి కోసి, ముందు దాన్ని అతికించి, ఆరినాకనే మడవాల. తడి మీద మడిస్తే ముడతలు. మడతను గోరుతో రుద్దకూడదు, కొమ్ము దువ్వెన వీపుతో రుద్దాల. మూలల్లో ఊడకుండా గంజి ఎక్కువే పట్టించినాను. పన్నెండు చేసి తూకంరాయి కింద పెట్టినాను. నా చేతులకు నేనే దిష్టి తీసుకోవాల.

నవంబర్ 6

జానకి పొద్దున్నుంచి రాసింది. రెండు కాగితాల నిండా అరవం. నాకు చదివేదానికి వచ్చి ఉంటే తొంగి చూసేదాన్నే, అబద్ధం ఎందుకు. రాస్తా రాస్తా కొంగుతో కండ్లు తుడుచుకునింది. మంచిదే, ఏడిస్తే కోపం కరుగుతుంది అనుకున్నాను.

మూలలకు పసుపు పెడదామంటే వద్దనింది. అంత మంచి కాగితం పాడైపోతుందంట. శుభమా అని రాసే జాబుకు పసుపు లేకుంటే ఎట్లే అని రెండుసార్లు అడిగినాను. వినలేదు. సరే, దొరసానుల కాగితం, దాని మర్యాద దానిది.

కవరు మాత్రం ఎంత లక్షణంగా ఉండాదో. లక్ష్మణ దాన్ని చేత్తో పట్టుకుంటే చాలు, బస్సెక్కేస్తాడు.

నవంబర్ 7

పోస్టు చేసినాను. డబ్బాలో పడిన చప్పుడు విని వచ్చినాను.

నవంబర్ 9, గురువారం

మొన్నటినుంచి వాన. మిగిలిన కవర్లకు చెమ్మ తగులుతుందేమోనని తీసి చూసినాను.

పదకొండింటికీ మూలలు నల్లబడి ఉండాయి. లోపలి కాగితం రంగు గంజిలోకి దిగి, చెమ్మకు బయటికి పాకింది. అట్లే నేల మీద కూచున్నాను.

మూల నల్లబడిన జాబు అంటే మాలో చావు కబురు. ఇంకొక అర్థం లేదు. దాన్ని గడప దాటనియ్యరు. వాకిట్లోనే చదివి, అక్కడే చించి పారేసి, తలకు పోసుకుంటారు. లక్ష్మణ తల్లి పిల్లమ్మకు చదువెక్కడిది? ఆ ముసలిది ఎవరిచేతనైనా చదివించుకునేదాకా ఆగుతుందా? చూసిందంటే చించేస్తుంది. అక్షరం ముక్క రాదు, తొందర మాత్రం కొండంత.

వానలోనే పోస్టాఫీసుకు పరిగెత్తినాను. ఆ సంచి మంగళవారమే పోయిందంట. తంతి కొట్టేదా అని మా ఆయన్ను అడిగితే, తంతి చూస్తే ఇంకా పెద్దగా ఏడుస్తారు కదే అన్నాడు. అదీ నిజమే.

నాలుగు నెలలకు ఆ పిల్ల మనసు దిగి రాసింది. దాన్ని నా చేతులతో నేనే మసి చేసినాను.

నవంబర్ 10

నిద్ర లేదు. జానకికి చెప్పలేదు.

నవంబర్ 11, శనివారం, మధ్యాన్నం మూడు గంటలు

జరిగింది జరిగినట్టు ఇప్పుడే రాయాల.

అన్నం తిని ఎత్తిపెడతా ఉన్నాను. వాకిట్లో ఎవరో నిలబడినట్టు అనిపించి పోయి చూస్తే లక్ష్మణ. కాళ్ళకు చెప్పుల్లేవు, మోకాళ్ళదాకా బురద. నా నుదుటి వైపు చూసినాడు. బొట్టు ఉండాది. అంటే మా ఆయన ఉన్నాడు. అది వాడికి అర్థమయ్యేసరికి ఆ మొగం చూడలేకపోయినాను. ఇంక మిగిలింది జానకి ఒక్కతే కదా.

జానకి నూనెచెయ్యి తుడుచుకుంటా వంటింట్లోనుంచి వచ్చింది. వాడు గడప బయట, ఆ తడిలోనే కూలబడిపోయినాడు. పెద్దమనిషి, అంగడి పెట్టుకున్నవాడు, వీధంతా చూస్తా ఉంటే తల పట్టుకొని ఏడ్చినాడు.

నేను భయపడినట్టే జరిగింది. పిల్లమ్మ కవరు మూల చూడగానే పెద్దగా అరిచి, చించి, వాన కాలవలో పారేసి తలకు పోసుకునిందంట. వీడు అంగట్లోనుంచి పరిగెత్తి వచ్చేసరికి ఒక తునక కూడా మిగల్లేదు. అది ధర్మపురి కవరని టపావాడు చెప్పినాడంట, అంతే. చీకట్లో అరూరుదాకా నడిచి, పొద్దున అక్కడ బొగ్గుతో నడిచే బస్సు పట్టుకొని వచ్చినాడు.

వాడే మాట్లాడినాడు.

"ఆ పొద్దు బిడ్డ మొగం చూసినాను జానకీ. నీ ముందర ఏడ్చేదానికి భయపడి అంగటికి పోయినాను. నేను ఏడిస్తే నీవు బతకవనుకున్నాను. నిన్న దారి పొడుగునా నిన్నే తలుచుకొని ఏడ్చినాను, ఇంక నాకు భయం లేదు."

"నీ పక్కన కూచొని ఏడ్చి ఉంటే చాలు కదా నాకు" అనింది జానకి. పోయి వాడి పక్కన, ఆ బురదలోనే కూచునింది.

నేను లోపలికి వచ్చేసినాను. వేడినీళ్ళు పెట్టినాను, ఉప్పు వేసేసినాను అందులో. ఏం చేస్తా ఉండానో నాకే తెలీలేదు.

నవంబర్ 12

జానకికి పదకొండు కవర్లూ చూపించి తప్పు ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. నిజంగా ఎవరూ చదవలేదా, ఒక్క లైను కూడా చదవలేదా అని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఒక్క అక్షరం కూడా లేదన్నాను. నా ఒళ్ళో తలపెట్టుకొని నవ్వింది, తరువాత ఏడ్చింది. వెర్రిపిల్ల.

అంత పెద్ద జాబులో ఏం రాసినావని అన్నం తినేటప్పుడు లక్ష్మణ అడిగినాడు. రమ్మని రాసినాను అనింది. మా ఆయనకు ఈ కథ దొరికింది, ఇంక పండగ. అంగటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేసినాడు. చెప్పనీ. నాకు ఎంత సంతోషంగా ఉండాదో ఇక్కడ రాసేదానికి కూడా చేతకాదు.

నవంబర్ 13, సోమవారం

ఇద్దరూ పోయినారు. పెట్టె వాడే మోసినాడు. ఇల్లు బోసిగా ఉండాది. బస్సెక్కే ముందు జానకి నా చెవిలో ఒక మాట చెప్పింది. ఈ పొద్దు రాయలేను.

నవంబర్ 14

ఆ జాబులో ఉండింది రమ్మని కాదంట. నేను ఇంక రాను, నీవు వేరే పెండ్లి చేసుకో అని, రెండు కాగితాల నిండా.

పొద్దున్నే తలకు పోసుకొని, వాకిట్లో నిలబడి, తీర్థమలై దిక్కు తిరిగి పిల్లమ్మకు దండం పెట్టినాను. మా ఆయన చూసి, ఆ కొండమీది తీర్థగిరి స్వామికా అన్నాడు. అవునన్నాను.