దొరను నిలబెట్టిన కోర్టు

హనుమకొండ

రాజక్కకు తమ్ముడు సాంబయ్య దండాలు. నేను, మనుమరాలు శ్రావణి ఇక్కడ బాగున్నాము. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావకు దమ్ము, ఆయాసం ఎట్లున్నది? దవాఖానకు పోవడం మానవద్దని చెప్పు.

శ్రావణి లా చదువుకు తోడుగా వానకాలంలో ఊరు విడిచి వచ్చాను, ఇప్పుడు చలి మొదలైంది. వంట నేనే చేస్తున్నాను. పిల్ల కాలేజీకి పోతే గదిలో మాట్లాడే మనిషి ఉండడు. నా గురించి ఫికర్ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

నిన్నటి సంగతి రాయాలని తెల్లవారకముందే లేచాను. వాళ్ల కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టారు. పిల్లలు వకీళ్లు, సార్లు జడ్జీలు. సొంత జనాన్ని చంపించిన ఒక దేశాధినేత మీద కేసు. అతని తరఫున వాదించేది శ్రావణి. వాదన బాగుంటే హైదరాబాద్ పోటీకి పంపుతారు. ముద్దాయి వేషం వేసే పిల్లవానికి జ్వరం వచ్చింది.

"తాతా, నువ్వు కూసో. 'నేను తప్పు చెయ్యలే' అంటే చాలు."

"నాతోని కాదు బిడ్డా. నలుగుర్ల నాకు నోరు లేవది. అయినా దేశాన్ని ఏలినోన్ని కోర్టుకు ఎవలు పట్టుకొస్తరే?"

అన్నం తింటూ చెప్పింది. వెనుకట అట్లాంటివాళ్లను అడిగే కోర్టే లేదట. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గెలిచిన దేశాలు ఓడినవాళ్ల పెద్దలను విచారించాయి. తర్వాత చాలా ఏండ్లు ఆ ముచ్చటే లేదు. మళ్లీ ఊచకోతలు జరిగితే ఒక్కో దేశం కోసం ఒక్కో కోర్టు పెట్టారు. చివరకు చాలా దేశాలు సంతకాలు చేసి ఎప్పటికీ ఉండే కోర్టు పెట్టుకున్నాయి. మన దేశం సంతకం చేయలేదట. ఆ కోర్టుకు సొంత పోలీసులు లేరు, దేశాలే పట్టి ఇవ్వాలి.

"ఇయ్యకపోతే?"

"తిరుగుతనే ఉంటరు తాతా. కానీ కొంతమంది దొరికిన్రు."

"దొరికిన్రా?" అని మళ్లీ మళ్లీ అడిగాను. కూర్చుంటానని ఒప్పుకున్నాను.

నిన్న కాలేజీలో నా తల రుమాలు తీయించి కోటు తొడిగారు. కాలిన ఊళ్లు, చచ్చిన పిల్లలు, నా మీది నేరాలన్నీ చదివి, నేరం ఒప్పుకుంటారా అని జడ్జి అడిగాడు. నా నోరు పెగలలేదు. పిల్ల కష్టం పాడుచేశాననుకున్నాను.

"మాట్లాడుతలేడంటే ఒప్పుకున్నట్టే సార్" అన్నాడు అవతలి వకీలు పిల్లవాడు.

శ్రావణి లేచింది. "ఊకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు సార్. ఊకునే హక్కు ముద్దాయికి ఉన్నది. రుజువు చెయ్యాల్సింది వాళ్లు."

జడ్జీలు తల ఊపారు. అక్కడి నుంచి పిల్ల ఆగలేదు. అయినా సాక్ష్యాలు బలంగా ఉన్నాయి, కేసు ఓడింది. వాదన మాత్రం బాగున్నదని హైదరాబాద్‌కు తననే పంపుతున్నారు.

తీర్పు చదివేటప్పుడు ముద్దాయి నిలబడాలన్నారు. అక్కా, మనం మన ఊరి దొర ఉండే గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకొని నడిచినవాళ్లం. ఆయనను నిలదీసి అడిగినవాళ్లను మనం చూడలేదు. నిన్న హాలు నిండా జనం కూర్చున్నారు, దొర ఒక్కడే నిలబడ్డాడు. ఆ దొర వేషంలో ఉన్నది నేనే. చదవడం అయిపోయినా, దొర ఇంకాసేపు నిలబడాలని, నాకు కూర్చోబుద్ధి కాలేదు.

ఎవరైనా ఇటు వస్తే మన జొన్నలు కొన్ని పంపు. బావకు, పెద్దలందరికీ దండాలు. పిల్ల హైదరాబాద్ పోతున్నది, ఇద్దరినీ దీవించు.

నీ తమ్ముడు,
సాంబయ్య